అళగర్సామి నేసిన ఊపిరితిత్తులు

విరుదుపట్టికి విరుదునగర్ అని పేరు మార్చి ఎనిమిదేళ్ళయింది. ఊరి పేరు మారిందే గాని, మన తెలుగు నేతవాళ్ళ వీధిలో మారిందేముంది? తెల్లారితే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేది, పొద్దు గూకితే తీసేది. ఆ వీధిలో నాలుగో ఇంటి అళగర్సామి పదిహేనో ఏట గుంటలోకి దిగినాడు. ముప్పై మూడేళ్ళొచ్చినా అందులోనే ఉండాడు.

పద్దెనిమిదేళ్ళు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే ఏమవుతుంది? పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, వేలెడు లావున పైకి తేలినాయి. సాయంత్రం గుంటలోనించి లేస్తే పాదం నేల మీద మోపలేడు. గోడ పట్టుకొని, పళ్ళు కొరుక్కొని, "హరి హరీ" అంటాడు. అంతకు మించి ఒక్క మాట రాదు. నోట్లో నాలిక లేని మనిషి. చేతిలో మాత్రం, అబ్బ, ఏం పనితనం! కొంగులో అతను నేసిన హంసల్ని వీధిలో ఇంకెవరూ నేయలేరని పోటీ పడేవాళ్ళే ఒప్పుకునేవారు.

ఈ మనిషికి ఒకే ఒక్క ఆశ ఉండేది. పెరటి గోడ వారన ఒక మట్టికుప్ప పోసిపెట్టుకున్నాడు. వానకి కరిగితే మళ్ళీ తట్టలతో తెచ్చి పోసేవాడు. ఎందుకయ్యా ఈ చాకిరీ అని పెండ్లాం కాళీశ్వరి అడిగితే, "తమ్ముడు డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చిన రోజు ఈ మట్టితో గుంట పూడుస్తా. పైన బాగా అలికి, దాని మీదనే కాళ్ళు బార్లా చాపుకొని పడుకుంటా" అనేవాడు. చెప్పేటప్పుడు అతని మొహం చూడాలి, పసిపిల్లోడి మొహమే.

తమ్ముడి పేరు చెల్లసామి. నాయన చచ్చిపోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. వాణ్ణి గుంట దరిదాపులకి కూడా రానీకుండా పెంచినాడు అన్న. బడికి పంపినాడు, పై చదువుకి పంపినాడు, ఆఖరికి పట్నంలో మెడికల్ స్కూలులో చేర్చినాడు. "వీధిలో పుట్టి వీధిలో చచ్చేవాళ్ళం, మనకెందుకురా పీనుగుల చదువు" అని జనం ముక్కు మీద వేలేసుకున్నారు. అళగర్సామి పట్టించుకోలేదు.

అయితే ఆ చదువు అంత సుళువుగా లొంగేదా? మనిషి ఒంట్లో ఎముకెంత, కండెంత, నెత్తురు ఏ దారిన పోయి ఏ దారిన వస్తుంది, అంతా నోటికి రావాలి. పీనుగుని కోసి ముక్క ముక్కా చూపిస్తారు. కాళ్ళూ చేతులూ కోసినప్పుడు చెల్లసామి ఉండాడు. రొమ్ము కోసి చూపించిన రెండు నెలలూ విషజ్వరంతో చాప మీద పడి ఉండాడు. పరీక్షలో సరిగ్గా రొమ్ము గురించే అడిగినారు. తప్పినాడు. ఇంకోసారి రాయనిస్తారు. అదీ పోతే పేరు కొట్టేసి ఇంటికి పంపుతారు.

ఆ ఎండాకాలం వాడు ఒక పుస్తకం చంకన పెట్టుకొని ఇల్లు చేరినాడు. పెద్ద క్లాసు పిల్లోడిది, పది రోజులకి అరువిచ్చినాడంట. కొనాలంటే మనలాంటి వాళ్ళు ఇల్లు అమ్ముకోవాల. అందులో ఒక బొమ్మ దగ్గర చెల్లసామి బుర్ర ఆగిపోయింది. గుండెను ఎత్తి పక్కన పెట్టేసి, దాని వెనకా చుట్టూ ఉండేవన్నీ చూపే బొమ్మ అది. రెండు ఊపిరితిత్తులు, ఒకదానికి మూడు మడతలు, ఒకదానికి రెండు. మెడకెక్కే నెత్తురు గొట్టాలు ఒక పక్క ఒకే బోదె నుంచి చీలితే, రెండో పక్క దేనికదే. పగలంతా చూస్తాడు, సాయంత్రం అడిగితే తడబడతాడు. జ్వరం వాడి ధైర్యాన్ని కూడా తినేసింది, పాపం.

"పుస్తకం పోయినాక ఏం చూసి చదివేది అన్నా? నా పని అయిపోయినట్టే" అని ఏడిచినాడు.

అళగర్సామి ఆ బొమ్మ వంక చాలాసేపు చూసినాడు. ఇంగ్లీషు అక్షరం ఒకటి రాదు. దారం మాత్రం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూస్తేనే తెలిసిపోతుంది. "ఇది నేసేయొచ్చురా" అన్నాడు.

"ఏమిటీ?"

"దీన్నే. నిలువెత్తున నేసిస్తా. ఏది ఏ రంగో నువ్వు చెప్పు. గోడకి తగిలించుకొని చదువుకో. చిరగదు, ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు."

చెల్లసామి నవ్వినాడు. ఇల్లు చేరినాక అదే మొదటి నవ్వు. ఆ సాయంత్రం అన్న కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని, నరాల మీద వేలితో రాస్తా చెప్పినాడు. "ఈ నరాల్లో బుడ్డ బుడ్డ తలుపులు ఉంటాయన్నా. పైకెక్కే నెత్తురు కిందికి జారకుండా అవి మూసుకుంటాయి. నువ్వు కూర్చొని కూర్చొని ఆ తలుపులు చెడిపోయినాయి. నేను డాక్టరైతే మొదటి కట్టు నీ కాళ్ళకే."

అళగర్సామి మొహం పక్కకి తిప్పుకున్నాడు, కళ్ళలో నీళ్ళు కనపడకుండా.

బొమ్మను బొగ్గుతో పెద్ద కాగితం మీద గీసుకున్నాడు. చూసేవాళ్ళకి పిల్లి గీకినట్టుంటుంది, అతనికి మాత్రం దారం దారం తెలుసు. ఎర్రది ఫలానా, నీలం ఫలానా అని తొమ్మిది రంగులూ ఒప్పజెప్పి, తమ్ముడు పుస్తకం తీసుకొని పట్నం పోయినాడు. అన్న ఆ కాగితాన్ని మగ్గం మీద సాగదీసిన పడుగు దారాల కింద పరిచి పని మొదలుపెట్టినాడు.

ఇక్కడ మన పనివాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. బొమ్మలు నేసేటప్పుడు గుడ్డ మంచివైపు కిందికి ఉంటుంది. ముళ్ళు, తెగిన దారాలు, అతుకులు ఉండే వెనకవైపే మనకి కనపడేది. బతుకంతా వెనకవైపు చూస్తానే నేస్తాం, మంచివైపు కట్టుకునేవాళ్ళు చూస్తారు. హంసలకి అయితే బాధ లేదు. హంస తూర్పుకి చూస్తేనేం, పడమరకి చూస్తేనేం? పద్దెనిమిదేళ్ళుగా హంసలు నేసిన మనిషి ఊపిరితిత్తుల్ని కూడా అట్లనే నేసినాడు. కింద కాగితం, పైన దారం, రెండూ అచ్చుగా సరిపోయినాయి. అంతే చూసుకున్నాడు.

గుడ్డ దింపి మంచివైపు తిప్పి గోడకి పట్టినప్పుడు వీధి వీధంతా కదిలొచ్చింది. ఎర్ర దారం మెడకెక్కుతుంటే నెత్తురు పారతాన్నట్టే ఉండాది. కులపెద్ద తిరుమలసామి గుడ్డ మూలకి చందనం పూసి, "ఒరే, మన మగ్గం డాక్టరు చదువుకి పాఠం చెప్పింది. చూసుకోండిరా!" అని అందరూ వినేట్టు అన్నాడు. అళగర్సామికి ఒళ్ళు పులకరించింది. వెనకవైపు ముళ్ళు కనపడితే నామోషీ అని, తెల్ల మల్లుగుడ్డ ఒకటి వెనక వేసి నాలుగు అంచులూ దగ్గరదగ్గరగా కుట్టేసినాడు. ఆ తెలివే కొంప ముంచింది. కుట్టకుండా ఉండుంటే నేను మీకీ కథ చెప్పే పనే లేదు. పట్నం పోయే నూలు వర్తకుడి చేతికిచ్చి గుడ్డ పంపినాడు.

పరీక్ష సోమవారం. ముందరి గురువారం నాడు నూలు కోసమని తిరుమలసామితో కలిసి రైలెక్కి కోవిల్‌పట్టి పోయినాడు అళగర్సామి. స్టేషను దాటి నాలుగడుగులు వేసినాడో లేదో, పిక్క మీది నరం చిట్లి పంచె నెత్తుటితో తడిసిపోయింది. తిరుమలసామి హడలిపోయి, దగ్గరలో ఉన్న డాక్టరు దగ్గరికి నడిపించుకొని పోయి, తను బయట బల్ల మీద కూర్చున్నాడు.

డాక్టరు కాలు పైకెత్తి కట్టు కడుతుంటే, అళగర్సామి చూపు గోడ మీద పడింది. అచ్చు పటం. తను నేసిన బొమ్మే! సంతోషం పట్టలేక లేవబోయినాడు. మరుక్షణం భృకుటి ముడిపడింది. తను గోడకి పట్టి చూసుకున్న గుడ్డకి తిరకాసుగా, మూడు మడతలది అటు ఉండాది, రెండు మడతలది ఇటు ఉండాది.

"సామీ, మీ పటం తిరగబడి ఉందే" అన్నాడు తమిళంలో.

డాక్టరు పకపకా నవ్వినాడు. "పటమా తిరగబడింది? ఇట్రా." అళగర్సామి చేతిని తీసి అతని రొమ్ము మీదే పెట్టినాడు. "గుండె ఏ పక్క కొట్టుకుంటాంది?"

"ఎడమ పక్క."

"ఆ పక్క గుండెకి చోటు కావాలా వద్దా? అందుకే ఎడమ ఊపిరితిత్తికి రెండే మడతలు. కుడిదానికి మూడు. పటంలో మనిషి మనకెదురుగా నిలబడి ఉండాడు, ఆయన కుడి మనకి ఎడమ."

అళగర్సామి చేయి రొమ్ము మీదే ఉండిపోయింది. చేతి కింద గుండె దబదబా కొట్టుకుంటాంది. గుడ్డ మంచివైపు ఒకసారి తలలో తిప్పి చూసుకున్నాడు. మొత్తం తిరగబడి ఉండాది. ఒక్క దారం తప్పలేదు, మొత్తంగా తప్పింది. తమ్ముడు ఆ గుడ్డ ముందర కూర్చొని ఇరవై రోజులుగా తప్పు చదువు చదువుతా ఉండాడు.

అయినా మించిపోయిందేమీ లేదు కదా! మల్లుగుడ్డ విప్పి వెనకవైపు చూస్తే చాలు, అంతా సరిగ్గా ఉంటుంది. ఒక్క తంతి కొడితే అయిపోయె. కుంటుకుంటా స్టేషనులో తంతి కిటికీ దగ్గరికి పోయినాడు. వెనకే తిరుమలసామి.

"తంతా? ఎవరు చచ్చిపోయినార్రా?"

ఇప్పుడు మీరడగొచ్చు, చెప్పేస్తే ఏం పోయిందని. అడిగేవాళ్ళకేం, మన వీధి కట్టుబాటు మీకు తెలియదు. తప్పు నేసినవాడు చావడిలో అందరి ముందర నిలబడి "నా చేయి తప్పింది" అని తన నోటితో చెప్పాలి. ఆ గుడ్డను కులపెద్ద కత్తెరతో రెండుగా కోస్తాడు. నెల రోజులు వీధివాళ్ళంతా కలిసి పడుగు సాగదీసే చోటికి వాడు రాకూడదు. అళగర్సామి నాయనకి ఒకసారి అది జరిగింది. అంచు తప్పినందుకు. పదేళ్ళ పిల్లోడుగా నాయన పక్కన నిలబడి ఆ కత్తెర చప్పుడు విన్నాడు అళగర్సామి. ఆ తరవాత నాయన చచ్చేదాకా వీధిలో తలెత్తి నడవలేదు. ఆ కత్తెర పట్టింది ఈ తిరుమలసామే. గుడ్డకి చందనం పూసిందీ ఈ తిరుమలసామే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమీ లేదు పెద్దయ్యా. తమ్ముడికి దీవెన చెబుదామని."

"దీవెనకి తంతి ఎందుకురా పిచ్చోడా! దేవుడికి ఒక టెంకాయ కొట్టు" అని పెద్దాయన రెక్క పట్టి రైలు దగ్గరికి లాక్కుపోయినాడు. అళగర్సామి పోయినాడు. నాకు ఇప్పటికీ మండుకొచ్చేది అక్కడే. రెక్క విదిలించుకోవచ్చు కదా! విదిలించుకోలేదు.

శుక్రవారం పడుగు కింది కాగితం తీసి మళ్ళీ చూసినాడు. అనుమానమేమీ మిగల్లేదు. విరుదునగర్ తంతి ఆఫీసు మెట్లదాకా పోయి, లోపల మన వీధివాడొకడు నిలబడి ఉంటే తిరిగొచ్చినాడు. శనివారం గుంటలోనించి లేవనే లేదు. వాడు తెలివిగలవాడు, ఈపాటికి పట్టేసి ఉంటాడు అని తనకి తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నదాన్ని నమ్మలేకపోయినాడు. నాడె ఇటు విసురుతాడు, అటు విసురుతాడు. కక్కలేడు, మింగలేడు.

ఆదివారం మధ్యాన్నం కాళీశ్వరి కండెలు చుట్టేది ఆపి ఎదురుగా నిలబడింది. "మూడు రోజులుగా చూస్తా ఉండాను. ఏమయింది, చెప్తావా లేదా?"

చెప్పినాడు. లేచింది ఆమె గొంతు.

"ఈ వీధి కోసమా? ఈ వీధి వచ్చి నీ కాళ్ళకి కట్టు కడుతుందా? వాడు నీ చేతుల్లో పెరిగిన బిడ్డ! కోసుకోనీ గుడ్డ, ఊరంతా నవ్వనీ. లే! లేచి పో!"

కుంటుకుంటా పరిగెత్తినాడు. ఆదివారం తంతి కిటికీ పొద్దున కాసేపే తెరుస్తారు. మూసేసినారు. సోమవారం తలుపు తీసేదాకా మెట్ల మీదనే కూర్చొని, తీసిన వెంటనే తంతి కొట్టించినాడు. "వెనక గుడ్డ విప్పు. వెనకవైపే సరి." అంతే. గుమాస్తా రెండుసార్లు చదివి, పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు.

చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తంతి హాస్టలు చేరేసరికి చెల్లసామి పరీక్ష గదిలో ఉండాడు.

పదమూడో రోజున ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని చెల్లసామి ఇంటికొచ్చినాడు. పేరు కొట్టేసినారు. వీధి జనం మూగినారు. తిరుమలసామి అడిగినాడు, "అంత గుడ్డ నేసిచ్చినా తప్పినావేమిరా?"

అళగర్సామి గుమ్మంలో నిలబడి ఉండాడు.

"గుడ్డ లక్షణంగా ఉండాది పెద్దయ్యా. నేనే సరిగా చదవలేదు" అన్నాడు చెల్లసామి. జనం పెదవి చప్పరిస్తా పోయినారు. అన్న పరువు దక్కింది.

లోపలికొచ్చి పెట్టె తెరిచినాడు. మల్లుగుడ్డ కుట్లు విప్పేసి ఉండాయి. పటాన్ని మగ్గం ఎదురుగోడకి తగిలించినాడు, ముళ్ళూ అతుకులూ కనపడేటట్టు, వెనకవైపు బయటికి. అళగర్సామి కూలబడిపోయినాడు.

"పరీక్ష బల్ల మీద ఊపిరితిత్తి ఒకటి పెట్టినారు" అన్నాడు చెల్లసామి, గోడ వంకే చూస్తా. "మూడు మడతలు. ఏ పక్కదని అడిగినారు. కుడి అని నాకు మొదట్లో గుర్తుండేదన్నా. గుడ్డలో చూస్తే ఎడమ. అన్న చేయి ఎప్పుడూ తప్పదు, జ్వరంలో నా బుర్రే చెడిందనుకున్నా. ఎడమ అని చెప్పినా."

అళగర్సామి తమ్ముడి కాళ్ళు పట్టుకోబోయినాడు. వాడు పట్టుకోనీలేదు. పక్కన కూర్చొని, అన్న పిక్క మీది కట్టు ముట్టి చూసి, మెల్లగా అడిగినాడు.

"నీకెప్పుడు తెలిసిందన్నా?"

ఆ గొంతులో కోపం లేదు. గురువారం అని చెప్పి ఉంటే వాడు ఏడ్చేవాడేమో, తిట్టేవాడేమో, ఏదో ఒకటి జరిగి తెరిపి దొరికేది. వాకిలి పక్కన కాళీశ్వరి నిలబడి చూస్తాంది.

"ఆదివారం" అన్నాడు అళగర్సామి. "ఆదివారం సాయంత్రం తెలిసింది తమ్ముడా. కిటికీ మూసేసినారు."

చెల్లసామి తలూపినాడు. నమ్మినాడు. ఆ చేయి తప్పదని నమ్మినట్టే ఆ మాటనీ నమ్మినాడు. కాళీశ్వరి లోపలికి పోయింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆమె ఆ గురువారం మాట ఎత్తలేదు, మొగుడి కళ్ళలోకి నేరుగా చూసిందీ లేదు.

మరునాడు పొద్దున్నే చెల్లసామి గడ్డపార తీసినాడు. రెండో మగ్గానికి చోటు మొదటిదాని పక్కనే. తవ్విన మట్టిని తట్టలకెత్తి పెరట్లో ఉన్న ఆ పాత కుప్ప మీదనే పోస్తా వచ్చినాడు. అళగర్సామి తన గుంటలో కూర్చొని ఉండాడు. నాడె చేతిలోనే ఉంది, విసరలేదు. ఎదురుగోడ మీద ఎర్ర దారం, నీలం దారం, అన్నీ సరైన పక్కన ఉండాయి.

మధ్యాన్నానికి చెల్లసామి తవ్విన గుంటలోకి దిగి, అంచు మీద కూర్చొని, కాళ్ళు వేలాడేసి చూసుకున్నాడు. వాడి పిక్కలు నున్నగా ఉండాయి, ఒక్క నరం తేలలేదు.

"ఈ లోతు చాలా అన్నా?"

ఆ వీధిలో ఆ లోతు అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. చాలదని చూడగానే తెలిసింది.

"ఇంకో జానెడు తవ్వు తమ్ముడా" అన్నాడు అళగర్సామి.